దీపాలు ముందే వెలిగిన రోజు

పియానో నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చే పిల్లలు కాస్త చనువు పెరిగాక అడిగే మొదటి ప్రశ్న, "ఆంటీ, మీరు ఎక్కడెక్కడ కచేరీలు ఇచ్చారు?" అని. ఎక్కడా ఇవ్వలేదంటే నమ్మరు. నా ఉద్యోగమంతా చప్పట్లు వేరేవాళ్ళకు పడుతుంటే పక్కన కూర్చుని వాయించడమే. బహ్రెయిన్‌లో ఒక బ్యాలే స్కూల్లో పియానో వాయించేదాన్ని. బ్యాలే అంటే మన బడుల్లో వార్షికోత్సవానికి వేసే నృత్య రూపకం కాదు. వేళ్ళ కొసల మీద నిలబడి, గాలిలోకి ఎగిరి చప్పుడు కాకుండా నేలమీద వాలే ఐరోపా నాట్యం. దానికి పక్కన కూర్చుని వాయించడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా అత్తగారు చివరిదాకా అనుమానపడుతూనే ఉన్నారు. ఉద్యోగమేనండీ. హాజరు, సెలవులు, తిట్లు, అన్నీ ఉండేవి.

మాది గుంటూరు జిల్లా. మిషన్ బడిలో చదువుకునేటప్పుడు చర్చిలో ఉన్న పాత పియానో మీద కీర్తనలు వాయించడం నేర్చుకున్నాను. తొంభైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, మా ఆయనకు బహ్రెయిన్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం దొరికితే ఆయన వెంట వెళ్ళాను. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. వాయించేవాళ్ళు లేరంటే నేను కూర్చునేదాన్ని. ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉన్న ఒక తెల్లావిడ నా దగ్గరకు వచ్చింది. ఎవరో స్నేహితురాలు రమ్మంటే వచ్చిందట.

"పాడేవాళ్ళు ఊపిరి తీసుకునేదాకా నీ చెయ్యి ఆగుతోంది. అది ఎవరు నేర్పారు?" అంది.

ఎవరూ నేర్పలేదన్నాను. మా చర్చిలో ముసలివాళ్ళు ఎక్కువ, వాళ్ళకోసం ఆగకపోతే పాట సగంలో వాళ్ళు ఒకచోట, పియానో ఒకచోట అయిపోయేది.

"నాకు అలాంటి మనిషే కావాలి," అంది.

ఆవిడ బల్గేరియా దేశస్థురాలు. అక్కడ ప్రభుత్వ నాటకశాలలో చిన్నప్పటి నుంచి నాట్యం చేసి, ప్రధాన పాత్రలు వేసిన మనిషి. దేశం పరిస్థితులు మారి నాటకశాలకు గడ్డురోజులు వచ్చాయి. అదే సమయంలో బహ్రెయిన్‌లో ఒక కలిగినింటి ఆవిడ ఆడపిల్లల కోసం బ్యాలే స్కూలు పెట్టాలనుకుని, ఈవిడను టీచర్‌గా పిలిపించుకుంది. వీసా పూచీ పడే కఫీలూ ఆ ఇంటావిడే, స్కూలు యజమానురాలూ ఆవిడే. తుబ్లీలో ఒక పాత విల్లా తీసుకుని, కింద పెద్ద గదికి చెక్క నేల వేయించి, ఒక గోడ పొడవునా అద్దాలు, ఇంకో గోడకు పిల్లలు పట్టుకోవడానికి కమ్మీ పెట్టించింది. వేసవిలో పియానో శ్రుతి తప్పకుండా పగలంతా ఏసీ వేసి ఉంచాలని టీచర్ పట్టుబట్టింది. ఆ ఏసీ పుణ్యమా అని తుబ్లీలో అంత చల్లటి చోటు మరొకటి ఉండేది కాదు.

టీచర్ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరువు తెచ్చుకున్నవే. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఆవిడ చిన్న చిన్న మాటలతో పని కానిచ్చేది. "నెమ్మది." "తేలిక." "ఇది కాదు, వర్షం." వర్షం అంటే ఏం వాయించాలో ఆవిడ చెప్పదు. నేనే వెతుక్కోవాలి. మోకాళ్ళు నెమ్మదిగా వంచే అభ్యాసాలకు మా ఊరి కీర్తనలు సరిపోయేవి. ఎగిరే అడుగులకు పాత తెలుగు సినిమా బాణీలు అక్కడక్కడ మార్చి వాయించేదాన్ని. ఒకటి ఆవిడకు మహా ఇష్టం. అది ఎవరు కట్టిన బాణీ అని అడిగితే, "మా వైపు వాళ్ళే," అని ఊరుకున్నాను.

పాఠం చెప్పేటప్పుడు ఆవిడ ప్రతి అడుగూ తాను వేసి చూపించేది. పిల్లలు ఆవిడ కాళ్ళు చూసి నేర్చుకునేవాళ్ళు. ఎడమ మోకాలికి గుడ్డ చుట్టుకుని, మధ్యమధ్య గోడకు ఆనుకుని, మళ్ళీ వేసి చూపించేది. నలభై దాటిన మనిషి. "మాటలతో చెప్పొచ్చు కదా మేడమ్," అని ఒకసారి అన్నాను. "మాటలు నాకు రావు. కాళ్ళు వచ్చు," అంది.

స్కూలు వ్యాను నడిపే భాయ్‌ది నిజామాబాద్. సల్మాబాద్‌లో కూలీల క్యాంపులో ఉండేవాడు. వ్యానులో పిల్లల్ని దించడం, ఎక్కించడం, స్కూలుకు కావలసిన సామాను తేవడం అతని పని. నేను వచ్చాకే అతనికి డ్యూటీలో తెలుగు మాట్లాడే మనిషి దొరికింది. నన్ను అక్కా అనేవాడు. పియానో పెట్టిన మొదటిరోజే తలుపు దగ్గర నిలబడి, "గిది బాజానా అక్కా, ఏన్గు పిల్లనా?" అన్నాడు. అప్పటినుంచి దాన్ని ఏన్గు అనే పిలిచాడు. "ఏన్గు ఇయ్యాల మంచిగుందా?" అని రోజూ పొద్దున్నే అడిగేవాడు.

స్కూలు నిలదొక్కుకున్నాక యజమానురాలు పెద్ద ప్రదర్శన ఒకటి వేద్దామంది. చాలామంది తల్లులు కోరడంతో ప్రేక్షకులు ఆడవాళ్ళూ పిల్లలూ మాత్రమే అని నిర్ణయించారు. అప్పుడైతే పిల్లలందరినీ ఇళ్ళ నుంచి నిశ్చింతగా పంపుతారు. టీచర్ ఒక కథ అల్లింది. చీకటిపడుతున్న ఒక ఊళ్ళో వీధి దీపాలు వెలిగించే అమ్మాయి. పసుపు రిబ్బన్లు చుట్టుకుని కూర్చున్న చిన్నపిల్లలే దీపాలు. ఆ అమ్మాయి గిర్రున తిరుగుతూ ఒక్కొక్క దీపం దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపితే, ఆ బిడ్డ లేచి నిలబడి చేతులు పైకెత్తుతుంది. అంతే కథ. వినడానికి ఇంతే గానీ, ఆ ఒక్క నాట్యంలో ఆవిడ తనకు తెలిసిందంతా పెట్టింది. దానికి పాట నేను కట్టాను. నా జీవితంలో నేను సొంతంగా కట్టింది అదొక్కటే.

దీపాలు వెలిగించే అమ్మాయిగా పెద్ద తరగతి పిల్లల్లో ఒకరిని పెడదామని టీచర్ మొదట అనుకుంది. యజమానురాలు ఒప్పుకోలేదు.

"పిల్లల్ని చూడ్డానికి వాళ్ళ అమ్మలు వస్తారు. నిన్ను చూడ్డానికి ఊరంతా వస్తుంది. నువ్వే చెయ్యాలి," అంది.

"నేను నాట్యం మానేశాను."

"రోజూ చేస్తూనే ఉన్నావుగా! యల్లా, మొదలుపెట్టు."

టీచర్ నవ్వింది. ఆ నవ్వులో కాస్త ఆశ కనబడింది నాకు. ఆవిడను మళ్ళీ ఒకసారి వేదిక మీద చూడాలని నాకూ ఉంది, నిజం చెప్పాలంటే.

పిల్లలు ఇళ్ళ దగ్గర అభ్యాసం చేసుకోవాలని మొదట్లోనే టీచర్ పాటలన్నీ నా చేత వాయింపించి క్యాసెట్ల మీద రికార్డు చేయించింది. తర్వాత చలికాలమంతా, పిల్లలు వెళ్ళిపోయాక మేమిద్దరం కూర్చునేవాళ్ళం. ఆవిడ నాట్యం చేసేది, నేను వాయించేదాన్ని. నా కళ్ళు పియానో మీద ఉండేవి కావు, ఆవిడ పాదాల మీద ఉండేవి. ఆ ఉద్యోగంలో నేను ఉన్నన్నాళ్ళలో అవి అన్నిటికంటే మంచి సాయంత్రాలు. ఒక్కోరోజు అయిపోయాక ఆవిడ నేలమీద వెల్లకిలా పడుకుని, పైకప్పు కేసి చూస్తూ, "ఇంకా ఉంది. నాలో ఇంకా కొంచెం ఉంది," అనేది.

ప్రదర్శన వారం రోజుల్లోకి వచ్చింది. ఒక హాలు అద్దెకు తీసుకున్నారు. అక్కడ పియానో లేదు. మాదే తీసుకువెళ్ళాలి. పికప్ బండి మాట్లాడుకుని, సల్మాబాద్ గ్యారేజీల్లో ఉన్న తన దోస్తుల్ని తోడు పెట్టుకుని తెస్తానన్నాడు భాయ్. హాల్లో మొదటి రిహార్సల్ ఆ రోజే. పిల్లలందరూ రిబ్బన్లు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పియానో రాలేదు. హాలు ఆఫీసుకు ఫోను వచ్చింది.

"అక్కా, పరేషాన్ గాకు," అన్నాడు భాయ్. "పికప్ బెల్టు తెగింది. ఏన్గు ఎక్కి కూసుంది, బండే కదులుతలేదు. బెల్టు ఏపిచ్చుకొని జల్ది వస్త."

సంగతి చెబితే టీచర్, "పర్వాలేదు. క్యాసెట్ ఉంది కదా," అంది. ఒక చిన్నపిల్ల తన సంచిలోంచి తీసి ఇచ్చింది. హాలు వాళ్ళ స్పీకర్లకు కలిపారు. పనేమీ లేక నేను మొదటి వరసలో, యజమానురాలి పక్కన కూర్చున్నాను. ఆ నాట్యాన్ని ఏ మీటా నొక్కకుండా చూడటం నాకదే మొదటిసారి.

పాట మొదలైంది. టీచర్ వచ్చింది. మొదటి దీపం వెలిగింది. రెండోది కూడా. మూడో దీపం దగ్గరకు ఆవిడ ఇంకా చేరలేదు, పాట చేరింది. ఇంటి దగ్గర ఆ క్యాసెట్‌తోనే అభ్యాసం చేసిన పిల్ల, పాటలో తన వంతు రాగానే ఠక్కున లేచి నిలబడింది. నాలుగో పిల్ల కూడా లేచింది. టీచర్ తిరుగుతూనే ఉంది. ఆవిడ ముందు దీపాలు వాటంతటవే వెలుగుతూ పోతున్నాయి. ఆవిడ వాటి వెనక పరిగెత్తుతోంది. ఆఖరి దీపం వెలిగేటప్పటికి ఆవిడ ఇంకా వేదికకు అవతలి వైపే ఉంది. ఒక చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది.

"క్యాసెట్ స్పీడుగా తిరుగుతోంది," అంది యజమానురాలు. "ఆ మెషిన్ బాగాలేదు."

ఇంకో మెషిన్ తెచ్చారు. దాంట్లోనూ అంతే. టీచర్ రొప్పుతూ వేదిక అంచుకు వచ్చింది. నన్నే చూస్తూ, "ఇది ఎవరు వాయించారు?" అంది.

"నేనే మేడమ్."

"ఎప్పుడు?"

"మొదట్లో. పాట కట్టినప్పుడు."

ఆవిడ తన మోకాలి కేసి చూసుకుని, అక్కడే వేదిక మీద కూర్చుండిపోయింది. నాకూ అప్పుడే తెలిసింది. చలికాలమంతా నా చేతులు ఆవిడ పాదాలతో పాటు నడిచాయి. ఆవిడ ఇవాళ ఒక వెంట్రుకవాసి నెమ్మదిస్తే నేనూ నెమ్మదించాను. రేపు ఇంకో వెంట్రుకవాసి. నేను కావాలని చేసింది కాదు, ఆవిడ అడిగిందీ కాదు. నా పనే అది మరి. అంత దగ్గరగా కూర్చుని చూసినా ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు.

యజమానురాలు పిల్లలకు జ్యూసులు ఇప్పించడానికి బయటికి తీసుకెళ్ళింది. నేను వేదిక ఎక్కి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ప్రదర్శన రోజు క్యాసెట్ ఉండదు మేడమ్," అన్నాను. "పియానో ఉంటుంది, నేనుంటాను. మీరు ఎక్కడ అడుగు పెడితే అక్కడే వాయిస్తాను. చూసేవాళ్ళెవరికీ తేడా తెలీదు."

"తెలుసు," అంది. మోకాలికి చుట్టుకున్న గుడ్డ విప్పుతూ, "నువ్వు వాయిస్తావు. బాగానే ఉంటుంది కూడా. కానీ ఈ పాట నువ్వు కట్టినప్పుడు అది పరిగెత్తేది. నాకోసం ఇప్పుడది నడుస్తోంది. పాపం కదా పాట," అంది.

అప్పుడే బయట గోలగోలగా వినబడింది. పియానో వచ్చింది. భాయ్, అతని దోస్తులు, వాళ్ళ బట్టలనిండా గ్రీజు. పిల్లలు లోపల లేరు కాబట్టి తలుపులు బార్లా తీశాను. "ఇటు, అటు, హలూ హలూ, నిమ్మలంగ" అనుకుంటూ వాళ్ళు దాన్ని వేదిక పక్కకు చేర్చేటప్పటికి అందరికీ చెమటలు పట్టాయి. భాయ్ నా మొహం చూసి, "ఏమైందక్కా, ఎవరన్న పోయిండ్రా?" అని గుసగుసగా అడిగాడు. ఎవరూ పోలేదన్నాను.

పిల్లలు తిరిగివచ్చాక టీచర్ లేచింది. పెద్ద తరగతిలో ఒక అమ్మాయి ఉండేది, పదిహేనేళ్ళది, బహ్రెయిన్ పిల్లే. పొడుగాటి కాళ్ళు, తొందరెక్కువ. పాటకంటే ఎప్పుడూ అరడుగు ముందుండేది. దానికి రోజూ తిట్లే. టీచర్ ఆ అమ్మాయిని పిలిచి, దీపాలు వెలిగించే నాట్యం నువ్వు చెయ్యి అంది.

ఆ అమ్మాయి తెల్లబోయింది. "అది మీది, మిస్."

"నీకు వచ్చు. మొదట్లో చిన్నపిల్లలకు నేను చేసి చూపిస్తుంటే వెనక నువ్వూ చేసేదానివి. అద్దంలో చూశాను."

"ఊరికే చేశాను. నేను చెయ్యను." కళ్ళనిండా నీళ్ళు. "అందరూ మీకోసమే వస్తున్నారు. మీ దగ్గర లాక్కున్నానంటారు."

యజమానురాలు మధ్యలోకి వచ్చింది. పోస్టర్లు అచ్చయిపోయాయి, అందరికీ చెప్పేశాం, ఖలాస్, ఇప్పుడు మార్చడం కుదరదని గట్టిగానే అంది. టీచర్ ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"విను. ఇది నేను అల్లిన నాట్యం. ఇన్నాళ్ళూ నేనే చేశాను. కాబట్టి జనంలో కూర్చుని చూస్తే ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాకు చూపిస్తావా? ఒక్కసారి."

ఆ మాటకు ఆ అమ్మాయి కాదనలేకపోయింది. టీచర్ మెట్లు దిగి, వెళ్ళి హాలు మధ్యలో ఒక కుర్చీలో కూర్చుంది. నన్ను చూసి, "క్యాసెట్‌లో ఎలా ఉందో అలా," అంది.

మోసుకురావడంలో పియానో కాస్త శ్రుతి తప్పింది. అయినా వాయించాను. ఆ అమ్మాయి మొదట బిగుసుకుపోయి, మధ్యలో ఒకచోట తడబడి, మళ్ళీ అందుకుంది. దీపాలు ఒకటొకటిగా, ఎప్పుడు వెలగాలో అప్పుడే వెలిగాయి. అయిపోయాక టీచర్ ఏమంటుందోనని అందరం తిరిగి చూశాం. ఆవిడ కుర్చీలో ముందుకు వంగి, నుదురు చిట్లించి కూర్చుంది.

"నాలుగో దీపం దగ్గర తప్పుంది," అంది.

"సారీ మిస్," అంది ఆ అమ్మాయి.

"నీది కాదు. నాది. అక్కడ నీ వీపు జనం వైపు వస్తోంది. అల్లేటప్పుడు చూసుకోలేదు." ఉన్నట్టుండి పెద్దగా నవ్వింది. "ఇంతకాలం ఊరికే వీపు చూపిస్తూ తిరిగానన్నమాట!"

అంతే, మొదలైంది. కుర్చీలోంచే ఆ దీపాన్ని ఇటు జరపమంది, ఈ దీపాన్ని వెనక్కి పంపమంది. "చెయ్యి చాపేముందు దాని మొహం చూడు. వెలుగుతుందో లేదో నీకు తెలీదు. భయపడు కొంచెం. ఆ, అదీ!" మాటలు రావన్న మనిషి ఆ సాయంత్రం మాట్లాడినన్ని మాటలు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఒకటి రెండుసార్లు వేసి చూపిద్దామని కుర్చీలోంచి సగం లేచింది. మళ్ళీ తనే కూర్చుంది. రెండోసారి కూర్చున్నప్పుడు కుర్చీ చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకుందో నాకు కనబడింది. తేలిగ్గా జరిగిందని మాత్రం మీరు అనుకోవద్దు.

యజమానురాలు కాసేపు అలిగి కూర్చుని, తర్వాత తనూ లేచి దీపాల రిబ్బన్లు సర్దడం మొదలుపెట్టింది.

ప్రదర్శన రోజున హాలు నిండింది. మగవాళ్ళకు ప్రవేశం లేదు కాబట్టి భాయ్ బయట తలుపు దగ్గర కాపలా. టీచర్ వేదిక పక్కన తెరచాటున ఉంటుందనుకున్నాను. ఉండలేదు. వెళ్ళి హాలు ఆఖరున గోడకు ఆనుకుని నిలబడింది. "అక్కడ ఉంటే వేదిక మీదికి వెళ్ళబుద్ధవుతుంది," అని నాతో మాత్రం అంది.

దీపాల నాట్యం వచ్చింది. ఆ అమ్మాయికి భయంతో పాత అలవాటు తిరగబెట్టింది. మొదటి దీపం దగ్గరకే పాటకంటే ముందు చేరింది. నా చేతులు ఎప్పటిలాగే ఆ పాదాల వెంట పరిగెత్తబోయాయి. అలా పరిగెత్తి ఉంటే ఇద్దరం కలిసి గోడకు గుద్దుకునేవాళ్ళం. ఆ క్షణాన నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి నేను నాట్యం చేసే మనిషి వెంట వెళ్ళలేదు. ఎడమ చేత్తో తాళం కాస్త బరువుగా వేసి, ఇక్కడున్నాను, ఇటు రా అన్నట్టు వాయించాను. రెండో దీపం దగ్గర ఆ అమ్మాయి ఆగింది. విన్నది. ఊపిరి తీసుకోవడం నాకు కనబడింది. మూడో దీపం దగ్గర ఇద్దరం కలిశాం. అక్కడినుంచి ఆఖరిదాకా పాట పరిగెత్తింది, ఆ పిల్లా పరిగెత్తింది, ఎవరూ ఎవరినీ దాటలేదు.

చప్పట్లు మోగుతుంటే వెనక్కి తిరిగి చూశాను. టీచర్ చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

తర్వాత ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ మూగారు. ఒకావిడ, "మీరు నాట్యం చేస్తారని వచ్చామండీ, చెయ్యనేలేదు," అంది నిష్ఠూరంగా.

"చేశాను. చాలా అలసిపోయాను," అంది టీచర్.

బయటికి వస్తే భాయ్ వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు. "తలుపు సందులకెళ్ళి ఇన్న అక్కా. ఏన్గు మస్తు ఉరికింది గదా!" అన్నాడు.

తర్వాత కొన్నేళ్ళు మేం కలిసి పనిచేశాం. ఆవిడ ఎన్నో నాట్యాలు అల్లి ప్రదర్శింపజేసింది. నేను చూసినంతవరకు ఒక్కదాంట్లోనూ తాను కనబడలేదు. దీపాలు వెలిగించిన అమ్మాయి చదువుకోసం పై దేశం వెళ్ళి, సెలవులకు వచ్చినప్పుడల్లా చిన్నపిల్లల తరగతికి పాఠం చెప్పేది. తొందర మాత్రం తగ్గలేదు. మా ఆయన కాంట్రాక్టు అయిపోయి మేం ఇండియాకు వచ్చేశాం. నాకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి పియానో పాఠాలు పెట్టుకున్నాను. ఎదుటివాళ్ళ వెంట వెళ్ళడం నేర్పడం తేలిక. ఎప్పుడు వెళ్ళకూడదో నేర్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. అది పిల్లలే ఒక రోజున తెలుసుకుంటారు.

ప్రదర్శన తర్వాత వచ్చిన శనివారం మాత్రం నాకు ఎప్పుడూ గుర్తుకొస్తూ ఉంటుంది. సెలవు అయిపోయి తరగతి మొదలయ్యే రోజు. పిల్లలు కమ్మీ పట్టుకుని వరసగా నిలబడ్డారు. టీచర్ లోపలికి వచ్చింది. కాళ్ళకు నాట్యం చేసే మెత్తటి చెప్పులు లేవు. బజారుకు వేసుకెళ్ళే మామూలు నల్ల బూట్లు. చెక్క నేలమీద టకటకమంటూ నడిచి వచ్చి, అద్దానికి వీపు పెట్టి, పిల్లలకు ఎదురుగా నిలబడింది. పిల్లలందరూ ఆ బూట్ల కేసే చూస్తున్నారు. నేనూ వాటినే చూస్తున్నాను.

"అక్కడ ఏం లేదు," అంది ఆవిడ. "తలలు ఎత్తండి."

అందరూ తలలెత్తారు. నేను వాయించడం మొదలుపెట్టాను.